కార్బన్ ఫైబర్ కమాను కొనాలా, పెర్నాంబుకోకి ఈఎంఐ కట్టాలా?

ప్రశ్న: నా వయసు 34. నాలుగేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటున్నాను, వారానికి ఐదు రోజులు, రోజూ ముప్పావు గంట సాధన. వయొలిన్‌తో పాటు వచ్చిన కమానునే (వాయించే బో) ఇప్పటికీ వాడుతున్నా. ఈ మధ్య తీగల మీద జారిపోతోంది, శబ్దం గీకినట్టు వస్తోంది, కర్ర కూడా ఒక పక్కకి వంగినట్టుంది. టీచర్ కార్బన్ ఫైబర్‌ది తీసుకోమన్నారు. షాపులో మూడు చూపించారు. ఒక కార్బన్ కమాను నా నెల జీతంలో 10 శాతం, ఇంకో కార్బన్‌ది 45 శాతం, మూడోది పెర్నాంబుకో చెక్కది, మూడు నెలల జీతం. ఆ మూడోది ఖర్చు కాదు ఆస్తి, ఎప్పుడు అమ్మినా రేటు పెరిగే ఉంటుంది అంటున్నారు. 12 నెలల జీరో వడ్డీ ఈఎంఐ ఇస్తారట, ఒకేసారి కడితే మాత్రం 8 శాతం తగ్గిస్తారట. రీహెయిర్‌కి (కమానుకున్న గుర్రపు వెంట్రుకలు మార్పించడానికి) జీతంలో 4 శాతం దాకా అవుతుందన్నారు, ఇప్పటిదాకా ఒక్కసారీ చేయించలేదు. నెలకి 15 శాతం దాస్తున్నా, రెండు నెలల ఖర్చులకి సరిపడా అత్యవసర నిధి ఉంది, అప్పులు లేవు. ఏది కొనమంటారు?

జవాబు: ముందు మూడోదాని సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఉత్తరం చదువుతుంటే మీ మనసు అటే లాగుతున్నట్టు అనిపించింది. మూడు నెలల జీతాన్ని 12 వాయిదాలు చేస్తే నెలకి 25 శాతం. మీరు దాచేది 15. మిగతా 10 ఎక్కడి నుంచి వస్తుందండి? అత్యవసర నిధిలోంచే వస్తుంది, అది అసలే రెండు నెలలది, నేనైతే మూడు నుంచి ఆరు నెలలది ఉండాలంటాను, దాంట్లోంచి నెలనెలా గీరుతూ పోతే ఏడాది తిరిగేసరికి చేతిలో చక్కటి కమాను, ఖాతాలో నెల జీతం కంటే ఎక్కువే లోటు, పైగా ఆ ఏడాదంతా కొత్తగా దాచింది సున్నా.

ఇక ఆ జీరో వడ్డీ. ఒకేసారి కడితే 8 శాతం తగ్గిస్తామన్నారంటే దాని అసలు ధర 300 కాదు 276 అన్నమాట (మీ నెల జీతం 100 అనుకుందాం, లెక్క తేలిగ్గా ఉంటుంది). 276 విలువైన వస్తువు తీసుకుని నెలకి 25 చొప్పున ఏడాది కడితే మీ మీద పడే వడ్డీ ఏడాదికి సుమారు 15-16 శాతం. 24 ని 276 తో భాగిస్తే 9 శాతం లోపే కదా అంటారేమో, కానీ ఏడాది పొడుగునా మీ దగ్గర 276 అప్పు ఉండదు, నెలనెలా తగ్గిపోతూ ఉంటుంది, సగటున అందులో సగం పైచిలుకు మాత్రమే ఉంటుంది, అందుకే రేటు దాదాపు రెట్టింపు అవుతుంది. మొదటి వాయిదా కొన్న రోజే కట్టించుకున్నా, ప్రాసెసింగ్ ఫీజు అని ఇంకేదైనా తగిలించినా అది ఇంకా పెరుగుతుంది. జీరో అని రాసి ఉన్నచోట నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒక్కటే, నగదు ఇస్తే ఎంతకి ఇస్తారు అని.

ఆస్తి అన్నారు కాబట్టి దాని గురించి కూడా. పెర్నాంబుకో మంచి చెక్క, అందులో అనుమానం లేదు. బ్రెజిల్ తీరపు అడవుల్లో పెరిగే చెట్టు, దాని ఎర్ర రంగు కోసం వందల ఏళ్లు నరికారు, ఆ దేశానికి ఆ పేరు వచ్చింది కూడా ఈ చెట్టు నుంచే. ఇప్పుడు మనం చూసే కమాను ఆకారాన్ని 18వ శతాబ్దం చివర్లో పారిస్‌లో ఫ్రాన్స్వా టూర్ట్ స్థిరపరిచాక ఈ చెక్కే ప్రమాణం అయిపోయింది. చెట్టు తగ్గిపోతోందని 2007లో సైట్స్ (అంతరించే ముప్పున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చారు, 2022లో నిబంధనలు ఇంకా బిగించారు. కాబట్టి చెక్క అరుదైపోతోంది రేటు పెరుగుతుంది అనే మాటలో కొంత నిజం ఉంది. కానీ రేటు పెరిగేది పేరున్న పనివాళ్లు చేసిన, కాగితాలున్న, ఎక్కడా అతుకు లేని కమానులకి. షాపులో వరుసగా వేలాడదీసిన, ఎవరు చేశారో తెలియని కొత్త కమానుకి ఆ లెక్క వర్తించదు. దాన్ని రేపు అదే షాపుకి తీసుకెళ్లి అమ్ముతానని చెప్పి చూడండి, అమ్మే రేటు వేరు కొనే రేటు వేరు అని అప్పుడు తెలుస్తుంది, లేదా మా దగ్గర పెట్టండి, అమ్ముడైతే కమీషన్ పట్టుకుని ఇస్తాం అంటారు.

నాకిది ఎలా తెలుసంటే, నేనూ ఆ పని చేసినవాణ్నే. పదేళ్లుగా వయొలిన్ గీకుతున్నా (వాయిస్తున్నా అంటే మా ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు). ఒక ఏడాది బోనస్ వస్తే ఇలాగే ఇన్వెస్ట్‌మెంట్ అని నాకు నేనే చెప్పుకుని చెక్క కమాను కొన్నా. మూడో ఏడు పేజీ తిప్పబోయి మ్యూజిక్ స్టాండ్‌కి తగిలించా, కొన దగ్గర తల పుటుక్కుమంది. అతికించారు, ఇప్పటికీ వాయించుకోడానికి బాగానే ఉంది, కానీ అమ్మబోతే కొన్న ధరలో పదో వంతు కూడా పలకలేదు. తల విరిగిన కమాను విలువ అంతే. నేను ఇన్సూరెన్స్ చేయించలేదు, పక్కవాళ్లందరికీ ఇన్సూరెన్స్ గురించి చెప్పే మనిషిని!

సరే, ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరంలో నాకు నిజంగా కొట్టొచ్చినట్టు కనిపించింది షాపు గొడవ కాదు, ఒక్కసారీ రీహెయిర్ చేయించలేదన్న మాట. నాలుగేళ్లు! గుర్రపు వెంట్రుకలు రోజిన్ (తీగ మీద పట్టు కోసం వాటికి రాసే చెట్టు బంక) పట్టుకునే గుణం క్రమంగా పోగొట్టుకుంటాయి, సాగిపోతాయి, ఒక వైపువి ఎక్కువ తెగిపోతే బిగువు ఒక పక్కే పడి కర్ర అటు లాగినట్టు అవుతుంది. మీరన్న జారడం, గీకుడు, పక్కకి వంగడం, మూడూ వెంట్రుకల వల్లే అయ్యుండొచ్చు. మీలా వాయించేవాళ్లు ఏడాదికోసారైనా మార్పించాలి. కాబట్టి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి, వచ్చే క్లాసులో మీ టీచర్ కమాను పది నిమిషాలు అడిగి మీ వయొలిన్ మీద వాయించండి, తర్వాత మీది ఆవిడ చేతికిచ్చి వాయించమనండి. ఆవిడ చేతిలో కూడా అది జారుతుంటే తప్పు మీది కాదు. ఇంకోటి, వెంట్రుకలు పూర్తిగా వదులు చేసి ఫ్రాగ్ (చేత్తో పట్టుకునే చివర ఉండే ముక్క) వైపు నుంచి ఒక కన్ను మూసి కర్ర వెంబడి చూడండి, వదులుగా ఉన్నప్పుడు నిటారుగా ఉండి బిగిస్తేనే పక్కకి పోతుంటే అనుమానం వెంట్రుకల మీదే.

అయితే రీహెయిర్ చేయించేస్తే చాలదా అంటే, అక్కడ ఇంకో లెక్క ఉంది. వయొలిన్‌తో పాటు సెట్‌లో వచ్చే కమాను విలువ చాలాసార్లు ఒక రీహెయిర్ ఖర్చుకి అటూ ఇటూగానే ఉంటుంది, కర్ర కూడా మెత్తగా ఉంటుంది, కాబట్టి దాని మీద 4 శాతం పెట్టడం నాకు ఇష్టం లేదు. టీచర్ చెప్పింది సబబే, మారే టైమ్ వచ్చింది. కానీ ఈ వెంట్రుకల ఖర్చే మీ మొత్తం లెక్కలో పెద్ద భాగం అవుతుందని ముందే చెప్తున్నా, ఎవరూ చెప్పరు ఇది. ఏడాదికి 4 చొప్పున పదేళ్లకి 40. మీరు 45 పెట్టి కమాను కొంటే దాదాపు అంతే డబ్బు వెంట్రుకలకి పోతుంది. కార్బన్ అయినంత మాత్రాన ఈ ఖర్చు తగ్గదు, కర్ర మారింది కానీ వెంట్రుకలు అవే గుర్రానివి.

ఇప్పుడు 10 దా 45 దా. మీ సాధన లెక్కేస్తే ఏడాదికి 195 గంటలు, పదేళ్లకి రెండు వేల గంటలకి కాస్త తక్కువ, కాబట్టి 45 పెట్టినా గంటకి పడేది లేశమంతే, దాని గురించి బాధ అక్కర్లేదు. బాధపడాల్సింది ఏంటంటే ఆ 45 కి తగ్గ తేడా మీ చేతికి తెలుస్తోందా లేదా అని. కార్బన్ ఫైబర్ అని పేరు పెట్టి అమ్మేవన్నీ ఒకటి కాదు. పైన గళ్ల గళ్ల నేత కనిపిస్తే చాలు కార్బన్ అనుకుంటారు, అది పైపొర మాత్రమే కావొచ్చు, లోపల ఫైబర్‌గ్లాస్ ఉన్నవీ వస్తున్నాయి. చవక రకాల్లో కొన్నిటికి వెంట్రుకలు జిగురుతో అతికించేస్తారు, రీహెయిర్ కుదరదు, అంటే ఏడాది తర్వాత కమానే పారేయాలి. దీన్ని మాత్రం కొనేముందు అడగండి, మీ రిపేర్ మనిషికి చూపించి "ఇది మళ్లీ వెంట్రుకలు కట్టగలరా" అని. కట్టగలరంటే 10 శాతంది కూడా పరీక్షలో కూర్చోడానికి అర్హత ఉన్నదే, చవకవాటిలో కూడా ఆశ్చర్యపడేంత మంచివి తగులుతుంటాయి, ఒకే మోడల్‌లో ఒకటి బాగుండి పక్కది మొద్దులా ఉండడమూ మామూలే.

పరీక్ష ఎలా అంటే, రెండిటినీ వారం రోజులు ఇంటికి అడగండి, ట్రయల్ ఇవ్వడం ఈ వ్యాపారంలో మామూలే, ఇవ్వకపోతే వేరే షాపు. కొత్త వెంట్రుకలకి రోజిన్ సరిపడా పట్టించకపోతే అసలు శబ్దమే రాదు, అది కమాను లోపం అనుకోకండి, రెండిటికీ ఒకే రోజిన్ బాగా పట్టించాకే మొదలుపెట్టండి. వంటింటి త్రాసు మీద పెట్టి చూడండి, వయొలిన్ కమాను 60 గ్రాములకి అటూ ఇటూ ఉండాలి. ఆర్కస్ లాంటి కమాను కంపెనీలవాళ్లు బోలు కర్రతో బాగా తేలికవి చేస్తారు, అది కావాలనే చేసింది, చవకదాంట్లో బరువు తేడా ఉంటే అది అజాగ్రత్త. బరువు సరిపోయినా సరిపోదండి, ఆ బరువు ఎక్కడ కూర్చుంది అన్నది ముఖ్యం, కొన బరువైతే పది నిమిషాల్లో చిటికెన వేలు చెప్పేస్తుంది. ఒక పొడుగు స్వరాన్ని ఫ్రాగ్ నుంచి కొన దాకా మెల్లగా లాగండి, మధ్యలో వణుకుతోందా చూడండి. తర్వాత కమాను మధ్యభాగంతో స్పికాటో (కమాను తీగ మీద ఎగిరేలా వాయించడం) చేసి చూడండి, మంచి కర్ర దానంతటదే ఎగురుతుంది, మీరు ఎగరేయాల్సి వస్తే పక్కన పెట్టేయండి. ఆఖర్న టీచర్‌ని అటు తిరిగి కూర్చోమని ధరలు చెప్పకుండా రెండూ వాయించండి. ఆవిడ చెవికీ మీ చేతికీ తేడా తెలియకపోతే 10 శాతందే తీసుకుని మిగతా 35 ని అత్యవసర నిధిలో వేయండి, మొహమాటం వద్దు. నాలుగేళ్ల సాధన ఉన్న మనిషికి తేడా తెలుస్తుందనే నా అంచనా, అందుకే మీరు 45 వైపే వెళ్తారనుకుంటున్నా.

వయొలిన్ ధరలో పావు వంతో మూడో వంతో కమానుకి పెట్టాలి అనే మాట మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అమ్మేవాళ్లకి భలే పనికొచ్చే సూత్రం అది, బడ్జెట్‌కి ఒక ఆనవాలుగా ఉంచుకోండి అంతే.

45 దానికి డబ్బు ఎక్కడిది అంటే, మీ 15 చొప్పున మూడు నెలలు, అయిపోయింది. ఈఎంఐ లేదు, నిధి ముట్టుకోలేదు. ఈ లోపు సెకండ్‌హ్యాండ్ కూడా వెతకండి, కార్బన్ కమాను కొన్న మర్నాటి నుంచే విలువ తగ్గుతుంది, కొత్తది కొన్నవాళ్లకి అది నష్టం, పాతది కొనేవాళ్లకి లాభం. కోడాబో కంపెనీ డైమండ్ వరుసలోవి లాంటి పేరున్న మోడళ్లయితే పోల్చుకోడానికి రేట్లు దొరుకుతాయి. పాతదాంట్లో చూడాల్సింది తల దగ్గర, ఫ్రాగ్ కూర్చునే చోట సన్నటి పగుళ్లు. కార్బన్ గట్టిదే కానీ పగిలితే అతుకు కుదరడం కష్టం, వంపు తప్పితే చెక్కలా వేడి చేసి సరిచేయడం కుదరదు. వారంటీ రెండో యజమానికి వస్తుందో లేదో అడగండి, కొత్తదైనా వారంటీ కర్రకే, వెంట్రుకలకీ ఫ్రాగ్‌కీ ఉందనుకోకండి. ఎండకీ తేమకీ కార్బన్ కర్ర వంగదు కానీ వెంట్రుకలు బిగుస్తాయి వదులవుతాయి, కాబట్టి వాయించాక వదులు చేసి పెట్టడం మానకండి. పెట్టె వాడకుండా చీకట్లో మూసి ఉంచితే వెంట్రుకలు తినే పురుగు పడుతుంది, అది కర్ర ఏంటని చూడదు.

కమాను ఇంటికొచ్చిన నెల నుంచి రీహెయిర్ కోసం జీతంలో మూడో వంతు శాతం (0.35 అనుకోండి) ఆటోమేటిక్‌గా వేరే ఖాతాలోకి వెళ్లేలా పెట్టేయండి, ఏడాది తిరిగేసరికి 4 రెడీగా ఉంటుంది. మిగిలిన దాచుడంతా అత్యవసర నిధి నాలుగు నెలలకి చేరేదాకా అటే. పాత కమాను పారేయకండి, కొత్తదాన్ని రీహెయిర్‌కి ఇచ్చిన రోజుల్లో సాధన ఆగకుండా అది నడిపిస్తుంది.

ఈ మూడు నెలల్లో షాపు నుంచి ఫోన్ వస్తుంది, ఆ పెర్నాంబుకోని ఇంకెవరో అడుగుతున్నారు, ఆఫర్ నెలాఖరు దాకే అని. వాళ్లకే ఇచ్చేయమనండి.