ఎనిమిది పార్శ్వాల్లో మొదట చూడవలసింది అప్పుల పద్దు

వ్యక్తిగత ఆరోగ్యమంటే శారీరకం, మానసికం, సామాజికం, ఆర్థికం అంటూ ఎనిమిది పార్శ్వాలు ఉంటాయని చదివానని, వాటన్నింటినీ సమానంగా చూసుకోవాలా లేక ఏదో ఒకదానితో మొదలుపెట్టాలా అని మీరు అడిగారు. సమానంగా చూసుకోవడం ఎవరి వల్లా కాదు, అవసరమూ లేదు. ఆర్థిక పార్శ్వంతో మొదలుపెట్టండి, అందులోనూ ఇంట్లోవాళ్లకు తెలియకుండా దాచిన అప్పు ఏదైనా ఉంటే దానితో మొదలుపెట్టండి. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే ఉపాధ్యాయినిని, వైద్యం చదవలేదు. అయినా ఈ ఒక్క విషయంలో నాకు తెలిసినంత చాలామంది స్పెషలిస్టులకు తెలియదని నా గట్టి నమ్మకం.

ఈ పార్శ్వాల జాబితాలో డబ్బుకు చోటు దొరకడమే ఆలస్యంగా దొరికింది. 1948లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం ఆరోగ్యమంటే కేవలం జబ్బు లేకపోవడం కాదని, శారీరక, మానసిక, సామాజిక శ్రేయస్సు సంపూర్ణంగా ఉండడమని చెప్పి ఊరుకుంది. 1976లో బిల్ హెట్లర్ అనే అమెరికా వైద్యుడు ఆరు పార్శ్వాల నమూనా ఇచ్చినప్పుడు శరీరం, భావోద్వేగాలు, బుద్ధి, సమాజం, వృత్తి, ఆధ్యాత్మికత అన్నీ చేర్చాడు కానీ, చేసే ఉద్యోగాన్ని లెక్కలోకి తీసుకున్నవాడు చేసిన అప్పును లెక్కలోకి తీసుకోలేదు. ఆర్థికాన్నీ పరిసరాలనూ కలిపి ఎనిమిది చేసింది తరువాతివాళ్లు. మన చరక సంహిత ఈ విషయంలో ఎంతో ముందుంది. సూత్రస్థానం పదకొండో అధ్యాయంలో మనిషికి ఉండవలసిన కోరికలు మూడని చెబుతూ ప్రాణైషణ, ధనైషణ, పరలోకైషణ అని వరుస పెట్టారు. ప్రాణం తరువాత వెంటనే ధనం! బతుకుతెరువు లేని దీర్ఘాయుష్షును మించిన పాపం లేదని అక్కడ స్పష్టంగా చెప్పి, సేద్యం, పశుపోషణ, వర్తకం, రాజసేవ వంటి సంపాదన మార్గాలను కూడా వైద్య గ్రంథంలోనే పేర్కొన్నారు. ఆయుర్వేదం పేరుతో వాట్సాప్‌లో జీలకర్ర నీళ్ల కషాయాలు పంపేవారు ఈ అధ్యాయాన్ని మాత్రం ఎందుకో ఎప్పుడూ పంపరు.

ఇక మా ఇంటి సంగతి చెబుతాను. కొన్నేళ్ల క్రితం మావారు గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో అకౌంట్స్ విభాగంలో పనిచేసేవారు. ఉన్నట్టుండి ఆయనకు కడుపులో మంట మొదలైంది, ఆ తరువాత మెడనొప్పి, ఆపైన రక్తపోటు వచ్చాయి. అర్ధరాత్రి రెండు గంటలకు లేచి హాల్లో దీపం వేయకుండా కూర్చునేవారు. ఎండోస్కోపీ చేయించాం, ఏమీ లేదన్నారు. రక్తపోటుకు ఒక మాత్ర రాశారు, అది చాలక రెండు చేశారు. గుంటూరులో పుట్టి పెరిగిన మనిషికి ఆవకాయ మాన్పించాను, గోంగూర మాన్పించాను, ఉప్పు సగం చేశాను. సాయంత్రం షటిల్ ఆడడానికి వెళ్లే అలవాటు ఎందుకు మానేశారని అడిగితే మోకాళ్లన్నారు. పెళ్లిళ్లకు రమ్మంటే చదివింపులు నా చేతికిచ్చి నన్ను పంపేవారు. శనివారం గుడికి వెళ్లడం మాత్రం ఎక్కువైంది. మీరు చెప్పిన పార్శ్వాలు ఒక్కొక్కటే ఇలా కుంటుపడుతుంటే మేము ఒక్కొక్కదానికీ విడివిడిగా వైద్యం చేయించుకుంటూ పోయాం.

ఆ సమయంలోనే అందరూ చెప్పారని పూర్తి శరీర పరీక్షల ప్యాకేజీ ఒకటి చేయించాం. ఈ ప్యాకేజీల మీద నాకున్న కోపాన్ని ఇక్కడ చెప్పక తప్పదు. రక్తం ఒకేసారి తీసి అన్ని రకాల అంకెలూ వేసి రంగురంగుల పుస్తకం చేతికిస్తారు, అందులో సగం అంకెలకు అర్థమేమిటో ఇచ్చినవాడు చెప్పడు, పుచ్చుకున్నవాడు అడగడు. మావారికి అన్నీ మామూలుగానే ఉండి విటమిన్ డి తక్కువగా వచ్చింది. ఇంట్లో ఒక మనిషి నిద్ర లేక మగ్గిపోతుంటే మాకు చివరికి దొరికిన శత్రువు విటమిన్ డి!

నిజం బయటపడింది ఒక బిల్లుల కట్టలో. ఏ కాగితమూ పారేయడం నాకు చేతకాదు కాబట్టి మందుల దుకాణం బిల్లులన్నీ ఒక క్లిప్పుకు పెట్టి ఉంచేదాన్ని. ఒక ఆదివారం మధ్యాహ్నం వాటిని తేదీల వరుసలో సర్దుతుంటే, కడుపు మంటకు సిరప్పూ మాత్రలూ కొన్న బిల్లులు దాదాపు అన్నీ నెల మొదటి వారంలోనే, మూడో తేదీకీ ఆరో తేదీకీ మధ్యనే ఉన్నాయని గమనించాను. అంకెల్లో వరుస కనిపిస్తే దాని వెనక సూత్రం ఏమిటో వెతకమని పిల్లలకు చెప్పే వృత్తి నాది. కడుపుకు క్యాలెండరు తెలియదు కదా, మరి ఈ తేదీలేమిటి? ఆ రాత్రి భోజనాలయ్యాక, "ఏమండీ, ప్రతి నెలా అయిదో తేదీన మీకు ఏముంది?" అని అడిగాను. జీతాల బిల్లుల హడావుడి అన్నారు. "మీ కళాశాలలో అయిదో తేదీకి జీతాలు ఇచ్చిందెప్పుడు?" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కిందికి వెళ్లి స్కూటర్ డిక్కీలోంచి పాలిథీన్ సంచిలో చుట్టిపెట్టిన చిన్న డైరీ తెచ్చి నా ముందు పెట్టి, "నీకు చెబితే నీకూ నిద్ర ఉండదని చెప్పలేదు" అన్నారు.

మిర్చి వ్యాపారం చేసే ఆయన స్నేహితుడు ఒకాయన వడ్డీ వ్యాపారి దగ్గర ప్రామిసరీ నోటు మీద 6 లక్షలు తీసుకుంటే మావారు హామీ సంతకం చేశారట. మిర్చి ధర పడిపోయింది, స్నేహితుడు ఐపీ పెట్టాడు, అంటే దివాలా పిటిషన్ వేశాడు, వ్యాపారి నేరుగా మావారి దగ్గరకు వచ్చాడు. సంతకం చేసేటప్పుడు మన వాళ్లు హామీ అంటే మాట సాయమే అనుకుంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, అసలు అప్పుదారుకు ఎంత బాధ్యత ఉందో హామీదారుకూ అంతే ఉంటుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది గానీ ఏడాదికి 24 శాతం. 6 లక్షలకు నెలకు 12 వేలు, గడువు అయిదో తేదీ. జీతం ఆలస్యమైనప్పుడల్లా ఆ 12 వేల కోసం మరొకరి దగ్గర చేబదులు. ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదనే సాకుతో నెలల తరబడి జీతాలు ఆపే ప్రైవేటు కళాశాలల్లో పనిచేసేవారికి ఈ గొలుసు ఎలా పెరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు. షటిల్ మానేసింది మోకాళ్ల వల్ల కాదు, ఆ వడ్డీ వ్యాపారి మైదానం పక్కనే ఉంటాడు కాబట్టి. పెళ్లిళ్లకు రానిది చేబదులు ఇచ్చినవాళ్లు అక్కడ ఎదురవుతారని.

రిపోర్టుల ఫైలులో అదే రోజు నాకు మరో కాగితం దొరికింది. అంతకు ముందు వాళ్ల కళాశాలలో సిబ్బందికి వెల్‌నెస్ శిక్షణ అని ఒక పూట కార్యక్రమం పెట్టారు. వృత్తాన్ని ఎనిమిది భాగాలు చేసి, ఒక్కో పార్శ్వానికి పదికి ఎన్ని మార్కులు వేసుకుంటారో రాయమన్నారు. పైన పేరు రాయాలి, ఒక ప్రతి ఆఫీసుకు ఇవ్వాలి. మావారు శారీరకానికి 5, సామాజికానికి 6 వేసుకుని, ఆర్థికానికి 9 వేసుకున్నారు. జీతం ఆపుతున్న యాజమాన్యం చేతికే వెళ్లే కాగితం మీద ఏ ఉద్యోగి నిజం రాస్తాడు? ఇటువంటి శిక్షణల్లో శ్వాస మీద ధ్యాస పెట్టమంటారు, కృతజ్ఞతల డైరీ రాయమంటారు గానీ, జీతం ఒకటో తేదీన పడితే ఎన్ని పార్శ్వాలు వాటంతట అవే బాగుపడతాయో ఎవరూ లెక్క వేయరు. గదిలో ఉన్న ఒక్క వ్యక్తి కూడా ఆ తొమ్మిదిని నమ్మి ఉండరని నా అనుమానం.

మనం భయంతో ఉన్నప్పుడు శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు విడుదల చేస్తుంది, గుండె వేగమూ రక్తపోటూ పెరుగుతాయి, నిద్ర చెదురుతుంది. ఆపద దాటిపోగానే తగ్గవలసిన ఏర్పాటు అది. ప్రతి నెలా అయిదో తేదీ వస్తూనే ఉంటే అది తగ్గేదెప్పుడు? దాచిపెట్టిన అప్పయితే ఇంకొక భారం కూడా తోడవుతుంది, ఎందుకంటే ఫోను మోగినప్పుడల్లా ఎవరు వింటున్నారో చూసుకోవాలి, ఇంటికి ఎవరైనా వస్తే ముందుగా తానే గుమ్మం దగ్గరకు వెళ్లాలి. అందుకే ఆర్థిక పార్శ్వమంటే ఎంత ఆదాయం ఉందని కాదని నేనంటాను. ఇంటి పద్దు ఇంట్లో ఉన్న పెద్దవాళ్లందరికీ తెలుసా లేదా అన్నదే అసలు కొలత. మా బడిలో పనిచేసే ఆయాకు అప్పు ఉంది, అది ఆమె భర్తకూ కోడలికీ తెలుసు, అందరూ కలిసి తీరుస్తున్నారు, ఆమె హాయిగా నిద్రపోతుంది.

ఆ రాత్రే నోటుపుస్తకం తీసి చేబదుళ్లతో సహా అన్నీ రాశాం. వడ్డీ కట్టిన ఒక్క నెలకు కూడా నోటు వెనక చెల్లు రాయించుకోలేదని అప్పుడే తెలిసింది. అకౌంట్స్ చూసే మనిషి, కళాశాలలో రూపాయి తేడా వస్తే రాత్రి దాకా కూర్చునే మనిషి, తన నోటు దగ్గరకు వచ్చేసరికి సిగ్గుతో ఆ మాట అడగలేకపోయారు. నా నగలు బ్యాంకులో తాకట్టు పెట్టాం, అక్కడి వడ్డీ బయటి వడ్డీలో సగం కూడా కాదు. పాప పేరు మీద కొన్న స్థలాన్ని మంచి ధర రాకపోయినా అమ్మేశాం. ఇద్దరు పెద్దమనుషులను కూర్చోబెట్టి, అప్పటిదాకా కట్టిన వడ్డీని డైరీలోని తేదీలతో చూపించి, కొంత తగ్గింపు అడిగి, మిగిలినది కట్టి నోటు వెనక్కి తీసుకున్నాం. తరువాతి నెలల్లో ఆయన నిద్ర కుదుటపడింది, డాక్టరుగారు రెండు మాత్రలను మళ్లీ ఒకటి చేశారు. డాక్టరుగారు దాన్ని ఉదయపు నడక ఖాతాలో వేశారు. మావారు అప్పటికి చాలా కాలంగా నడుస్తూనే ఉన్నారు.

అలాగని మిగిలిన పార్శ్వాలు వట్టివని నేననడం లేదు. అప్పు లేనివాళ్లకూ మనసు బాగుండకపోవచ్చు. వారాల తరబడి దిగులు వదలకపోతే దానికి డబ్బు లెక్కలు పనికిరావు. అటువంటివారు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ సేవ అది, డబ్బు తీసుకోరు, తెలుగులోనూ మాట్లాడతారు. బుద్ధికి సంబంధించిన పార్శ్వం, ఆధ్యాత్మికం, పరిసరాలు వంటివాటి గురించి మీరు తరువాత తీరికగా చదువుకోవచ్చు. నిద్రపట్టే మనిషికి అవి ఎలాగూ ఆసక్తి కలిగిస్తాయి.

మీరు ఆచరణలో ఏం చేయాలంటారా? నెలలో ఒక రోజు ఇంట్లో పెద్దవాళ్లందరూ కూర్చుని ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి నుంచి ఎంత రావాలి, ఎక్కడెక్కడ సంతకాలు పెట్టాం అన్నవి ఒకే కాగితం మీద రాయండి. సంతకాల వరుస మరిచిపోకండి, ఎందుకంటే సంతకానికి డబ్బు చేతికి రాదు కాబట్టి దాన్ని ఎవరూ అప్పుగా లెక్కించరు. ఎవరికి ఏది కట్టినా చెల్లు రాయించుకోండి, ఫోన్ ద్వారా పంపితే ఇంకా మంచిది, తేదీతో సహా ఆధారం మిగులుతుంది.

దీనికి ఖర్చు లేదని మాత్రం చెప్పను. మొన్నామధ్య మా ఆడపడుచుగారి భర్త ఒక నోటు మీద హామీ సంతకం కోసం మావారి దగ్గరకు వస్తే, మా ఇంట్లో ఇప్పుడు సంతకం పెట్టాలంటే ఇద్దరమూ పెట్టాలని, నేను పెట్టనని మర్యాదగానే చెప్పాను. "అక్కయ్యగారూ, సొంత మనుషులకు కూడా ఇంత లెక్కా?" అని ఆయన నొచ్చుకున్నారు. ఆ తరువాత జరిగిన వాళ్ల గృహప్రవేశానికి మాకు పిలుపు రాలేదు. సామాజిక పార్శ్వంలో ఆ మేరకు మాకు మార్కులు తగ్గాయనుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.