కంపెనీ పేరు తర్వాత, ముందు తయారీ వారం చూడండి

కారు 38 వేల కిలోమీటర్లు తిరిగింది, కొని ఆరేళ్లు దాటింది, టైర్ల గాడులు బాగానే ఉన్నాయి, ఇప్పుడే మార్చాలా, మారిస్తే ఏ కంపెనీవి అని అడిగారు. దసరాకి పిల్లలతో బెంగళూరు నుంచి కర్నూలు వెళ్తామన్నారు కదా, వెళ్లే ముందే మార్చేయండి.

మాదీ మీ పరిస్థితే అండి. మారతహళ్లిలో ఉంటాం, ఆఫీసుకి కంపెనీ బస్సే, కారు ఎక్కువగా ఎండలో నిలబడే ఉండేది. 2023 మే నెలలో మా అత్తగారిని అనంతపురంలో దింపడానికి బయల్దేరాం. పెనుకొండ దాటాక, మిట్టమధ్యాహ్నం, వెనక ఎడమ టైరు పేలింది. మా ఆయన బ్రేకు తొక్కకుండా, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలేసి మెల్లగా పక్కకి తెచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మా అత్తగారి చేతులు చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి.

దిగి చూస్తే గాడుల్లో అగ్గిపుల్ల తల మునిగేంత లోతుంది. టైరు పక్కల మీద మాత్రం గోటితో గీరినట్టు సన్నటి పగుళ్లు. డీఓటీ అన్న అక్షరాల వరస చివర 2216 అని ఉంది. అంటే 2016లో 22వ వారంలో తయారైందని. ఏడేళ్ల రబ్బరు! తిరిగినా తిరక్కపోయినా ఎండకీ గాలికీ అది గట్టిపడిపోతుంది. పైగా ఆ రోజు గాలి చూసుకోకుండా బయల్దేరాం. గాలి తక్కువైతే టైరు పక్కలు తిరిగిన ప్రతిసారీ మడతపడి వేడెక్కుతాయి. స్టెప్నీ కూడా అదే వయసుది. దాన్నే వేసుకుని, నలభై దాటకుండా అనంతపురం చేరాం.

తిరిగొచ్చాక మొదట వెళ్లిన షాపులో మంచి పేరున్న కంపెనీ టైర్లే చూపించారు, బాగా తగ్గించి ఇస్తామన్నారు. టార్చి వేసి చూస్తే 0921. రెండేళ్ల పాత సరుకు. వద్దని వచ్చేశాను. రెండో షాపులో 1423 దొరికాయి, అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఆ నాలుగంకెలు కొన్ని టైర్లకి ఒకవైపే ఉంటాయి, కాబట్టి రిమ్ముకి ఎక్కించక ముందే రెండు వైపులా తిప్పి చూడండి. బిల్లు మీద టైర్ల నంబర్లు కూడా రాయించుకోండి.

సైజు విషయంలో షాపు మాట కాదు, డ్రైవరు డోరు తెరిస్తే కనిపించే స్టిక్కరే ప్రమాణం. మాది 185/65 ఆర్15, పక్కన 88హెచ్. ఆ 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుందని, హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని. ఈ రెండూ కారు కంపెనీ ఇచ్చినదాని కంటే తగ్గనివ్వకండి. ఇంటిల్లిపాదీ సామానుతో ఎక్కే కారుకి ఆ బరువు అంకే ముఖ్యం. ఐఎస్ఐ గుర్తు ఎలాగూ ఉండాలి. ఇవి కుదిరితే కంపెనీ మీ ఇష్టం, పేరున్నవి ఏవైనా పర్వాలేదు.

డబ్బు సర్దుబాటు కాక రెండే మారిస్తే కొత్తవి వెనక వేయించండి. ముందు వేస్తామని షాపువాళ్లు అంటారు, ఒప్పుకోకండి. వానలో ముందు టైర్లు జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది, వేగం తగ్గించుకోవచ్చు. వెనకవి జారితే కారు గిర్రున తిరిగిపోతుంది, సర్దుకునే టైముండదు. అరుగుదల చూడాలంటే గాడుల మధ్య చిన్న గట్లుంటాయి, రబ్బరు వాటి మట్టానికి వచ్చిందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, చట్టం ప్రకారం అదే ఆఖరు. వానలకి అంతదాకా ఆగొద్దు.

వాల్వులు కొత్తవి వేయించి, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అప్పుడే చేయించండి. గాలి మాత్రం పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి.

ఇవాళే డిక్కీ తెరిచి స్టెప్నీ మీద అంకెలు కూడా చదవండి. ఐదింటివీ ఇక్కడ రాస్తే ఏవి ఏ ఏడాదివో చెప్తాను.