మందు ఆపితే మిగిలేది ఎంత?

ప్రశ్న: మాది ఉప్పల్. నా భార్య వయసు 34, ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 32,000. నాలుగేళ్ల క్రితం మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్, మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే జబ్బు) బయటపడింది. రోజూ వేసుకునే ఫింగోలిమాడ్ క్యాప్సూల్స్‌కు నెలకు 8,500 అవుతోంది. రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు. మందులు ఆపేసి ప్రకృతి చికిత్సకు వెళ్లమని బంధువులు అంటున్నారు. ఇంకా 11 నెలలున్న చీటీని ఇప్పుడే పాడి అందుకు 1,80,000 కట్టి, తర్వాత మిగిలేది సిప్‌లో (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా) వేయవచ్చా?

జవాబు: మీరు పంపిన ఖర్చుల కాగితంలో మందుల ఖర్చును పాల బిల్లుకూ కేబుల్ బిల్లుకూ మధ్య రాశారు. నేనైతే దాన్ని ఆమె జీతం వరుసలో రాస్తాను. ఏడాదికి 1,02,000 పెడుతున్నారు, 3,84,000 తెచ్చుకుంటున్నారు. రెండేళ్లుగా ఇబ్బంది లేకపోవడం జబ్బు పోయినందువల్ల కాక, మందు పనిచేస్తున్నందువల్ల కావచ్చు. జబ్బు తిరగబెడితే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, మళ్లీ ఎంఆర్‌ఐ, సెలవులు మాత్రమే కాదు, చూపులోనో నడకలోనో మిగిలిపోయే లోటు కూడా ఉండవచ్చు. ఆ లోటుకు మీ కాగితంలో గడే లేదు.

మందు ఆపడమనేది న్యూరాలజిస్టు తేల్చవలసిన విషయం, నాది కాదు. అయితే ఈ మందు గురించి ఒకటి చెప్పాలి: ఫింగోలిమాడ్ ఆపాక కొందరిలో జబ్బు మునుపటికంటే తీవ్రంగా విజృంభించిందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. 55 ఏళ్లు దాటి, ఐదేళ్లుగా తిరగబెట్టనివారిలో మందులు ఆపి చూసిన అధ్యయనం 2023లో వెలువడింది. అందులోనూ ఆపడం కొనసాగించడంతో సమానమని రుజువు కాలేదు. మీ భార్యకు 34 ఏళ్లే. యోగా, ఆహార నియమాలు డాక్టరుకు చెప్పి మందుతోపాటు పాటించవచ్చు. వాటికి లక్షల ప్యాకేజీ ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఖర్చు తగ్గించుకోవడానికి మరో దారి ఉంది. ఇంట్లో వేసుకునే మందులను మన ఆరోగ్య బీమా సాధారణంగా చెల్లించదు. కానీ ఇంజెక్షన్‌గా ఇచ్చే మోనోక్లోనల్ యాంటీబాడీ (ల్యాబ్‌లో తయారుచేసే ఒక రకం ప్రొటీన్ మందు) చికిత్సను బీమా సంస్థలు కవర్ చేయాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమం, పరిమితులు ఉండవచ్చు. మన దేశంలో ఎంఎస్‌కు వాడే రిటుక్సిమాబ్ ఆ కోవలోదే, చాలామందికి ఆరు నెలలకోసారి ఎక్కిస్తారు. అది ఆమెకు తగునా అని డాక్టరును, మీ కంపెనీ ఉద్యోగులకిచ్చే గ్రూప్ ఆరోగ్య పాలసీలో ఎంతవరకు వస్తుందని హెచ్‌ఆర్‌ను అడగండి. తగదంటే ఇప్పుడు వాడే ఫింగోలిమాడే వేరే కంపెనీది తక్కువకు దొరుకుతుందేమో డాక్టరునే అడగండి. గ్రూప్ పాలసీ ఉద్యోగంతోనే పోతుంది కనుక జబ్బు వివరం దాచకుండా ఆమెకు సొంత పాలసీకి ఇప్పుడే దరఖాస్తు చేయండి. కొన్ని సంస్థలు తిరస్కరిస్తాయి. ఇస్తే, ముందునుంచీ ఉన్న జబ్బుకు నిరీక్షణ కాలం (ఆ జబ్బు ఖర్చు బీమా ఇవ్వని కాలం) గరిష్ఠంగా 36 నెలలు. జబ్బు బయటపడకముందు తీసుకున్న క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ (జాబితాలోని తీవ్రమైన జబ్బు వస్తే ఒకేసారి సొమ్ము ఇచ్చేది) ఏదైనా బీరువాలో ఉందేమో కూడా వెతకండి, ఎంఎస్ ఆ జాబితాలో ఉంటుంది. లక్షణాలు ఆరు నెలలు నిలిచి ఉండాలన్న షరతు మాత్రం చదువుకోండి.

చీటీని ఇప్పుడు పాడకండి. తొందరపడితే పాటలో వదులుకునే తగ్గింపులోనే చాలా పోతుంది. చివరిదాకా ఆగి, వచ్చినదాంట్లో ఆరు నెలల మందులకు 51,000 ఎఫ్‌డీలో పెట్టి, మిగిలినదాంతో సిప్ మొదలుపెట్టండి.