నీ స్క్రిప్టులోకి అమ్మ ఇంకా రాలేదు బిడ్డా

బిడ్డా,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి ఒక్క బిగిన, రెండోసారి తెల్లారి పెన్సిల్ పట్టుకుని. నువ్వు రాయగలవు, ఆ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. అమ్మమ్మ పోయిన రోజు కూతురు హాస్టల్ నుంచి వచ్చి, ఇంటి ముందు అంతమంది ఏడుస్తుంటే, పొద్దుటి నుంచి ఎవరూ పట్టించుకోని బర్రెకు ముందు కుడితి పెడుతుంది చూడు, ఆ సీను దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అలాంటివి ఎవరో నేర్పితే వచ్చేవి కావు.

నీ మీద ఆ నమ్మకం ఉంది కాబట్టే మిగతాది కూడా దాచకుండా చెప్తున్నా.

అరవై సీన్లలో అమ్మ ఎప్పుడూ గుమ్మంలో నుంచి లోపలికి వస్తూనే కనబడుతుంది. దసరా వెళ్ళగానే, కూలిపనికి మనుషుల్ని తీసుకెళ్ళే గుంపు మేస్త్రీ వెంట ముంబై బస్సెక్కుతుంది, వానలకు ముందు తిరిగొస్తుంది, పట్టని గౌను ఒకటి తెస్తుంది, అరుస్తుంది, మళ్ళీ పోతుంది. పదేళ్ళు ఇదే. చివర్లో కూతురు "నన్నెందుకు ఇడిసిపెట్టి పోయినవ్" అని అడుగుతుంది, రెండు పేజీల డైలాగు, వాన, ఇద్దరూ కావలించుకుంటారు. గుమ్మం దాకా రాకముందు ఆమెకు ఏమైందో ఒక్క సీనులో కూడా లేదు. నీకు తెలియదు, కూతురికీ తెలియదు. కూతురికి తెలియకపోవడం కథ. రాసే నీకు తెలియకపోతే ఎట్లా?

ఈ తప్పు నేనూ చేశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లె. ఇరవై నాలుగేళ్ళ వయసులో అమ్మ మీద ఒక కథ రాశాను. అందులో ఒక పేరా నిండా జడ సంగతే. ఊళ్ళో ఆడపిల్లలందరికీ వాళ్ళమ్మలు అరుగు మీద కూర్చోబెట్టుకుని జడలు వేసేవాళ్ళు, నేను మాత్రం దువ్వెన పట్టుకుని పక్కింటి పెద్దమ్మ దగ్గరికి పోయేదాన్ని, మా అమ్మ ఒక్కసారి కూడా నా తల ముట్టుకోలేదు అని రాశాను. చాలా కోపంగా, చాలా బాగా రాశాననుకున్నాను. కథ పత్రికలో వచ్చింది. అమ్మకు చదువు రాదు. ఇంటర్ చదివే పక్కింటి పిల్లాడు నాకు చెప్పకుండానే ఆమెకు చదివి వినిపించాడు. నేను వెళ్ళేసరికి చివరి పేజీలో ఉన్నారు. అమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. అయిపోయాక చెయ్యి ఆపకుండానే, "అంత మంచిగనే రాసినవ్. గా జడ ముచ్చట తప్పు రాసినవ్ బిడ్డా. నాకప్పుడు చేతులు లేస్తుండెనా?" అంది.

మా వైపు బోరు నీళ్ళ సంగతి నీకు తెలుసు. లీటరులో 1.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఉంటే తాగకూడదంటారు, మా ఊరి చుట్టుపక్కల అంతకు ఎన్నో రెట్లున్న నీళ్ళనే తరాల తరబడి తాగారు. పళ్ళు గారపట్టడం అందరికీ కనిపిస్తుంది. కాళ్ళు వంకరపోయినవాళ్ళను పేపర్లవాళ్ళు వచ్చి ఫోటోలు తీసుకునేవాళ్ళు. కానీ అదే నీళ్ళు లోపల ఎముకల్నీ కీళ్ళనీ బిగుసుకుపోయేలా చేస్తాయి, మెడ తిరగదు, భుజం పైకి రాదు. మా అమ్మ తిన్నగా నడిచేది, నాట్లకు పోయేది, అందుకని ఆమెకూ ఆ జబ్బు ఉందని నాకు తోచనే లేదు. చెయ్యి నా తల దాకా లేవకపోతే ఆ మాట ఏడేళ్ళ పిల్లకు ఎట్లా చెప్తుంది? "పో, పెద్దమ్మ ఏస్తది పో" అని కసిరేది. నేను రాసింది ఆ కసురు ఒక్కటే. ఆ కథను తర్వాత ఏ సంపుటిలోనూ వేసుకోలేదు.

ఇప్పుడు నీ గౌను దగ్గరికి వద్దాం. అమ్మ తెచ్చిన గౌను కూతురికి పట్టదు, "నా సైజు కూడ తెల్వదు నీకు" అని విసిరికొడుతుంది. నువ్వు దాన్ని అమ్మ నిర్లక్ష్యానికి గుర్తుగా వాడుకుని దాటిపోయావు. ఒకసారి ఆ బజారులో నిలబడి చూడు. ఆమె గౌను కొంటున్నప్పుడు ఆమె కళ్ళల్లో ఉన్నది దసరా నాటి పిల్ల. ఎనిమిది నెలలైంది. పిల్ల పెరిగిందని తెలుసు, ఎంత పెరిగిందో తెలియదు. తనతో పాటు సిమెంటు తట్టలు మోసే ఎవరో ఒకామె పిల్లను పిలిచి ఆ పిల్ల భుజాలకు ఆనించి చూసిందేమో, కొంచెం పెద్దది తీసుకుందేమో, అదీ చాలలేదు. నీ సినిమా మొత్తం ఆ గౌనులో ఉంది బిడ్డా, రెండు పేజీల డైలాగులో లేదు.

ఈ కథ మీ ఇంటిదే కదా, మీ అమ్మను అడుగు. కథ కోసమని అడగకు, "ఎందుకు పోయావు" అని అసలే అడగకు, ఆ ప్రశ్నకు ఆమె ఏడవడమో తిట్టడమో తప్ప ఇంకేం చెయ్యలేదు. చిన్నవి అడుగు. ఆ ఏడు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు ఎంత తీసుకున్నారు, అది ఏ అప్పుకు పోయింది, బోరు ఎండిందా, పెళ్ళి ఖర్చా? సైటు మీద ఎక్కడ పడుకునేవాళ్ళు? బస్సు రాత్రి కదిలేదా, నువ్వు నిద్రపోయాకే బయల్దేరేదా? పిల్లను చూసి పోతే కాళ్ళు కదలవని చెప్పకుండా పోయిన తల్లులు నాకు తెలుసు. పిల్లకు మాత్రం పొద్దున లేచేసరికి పక్క ఖాళీ.

సినిమా రాస్తున్నావు కాబట్టి ఒక సినిమా చెప్తాను. స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1978లో తీసిన 'ఆటమ్ సొనాటా'. తల్లి పేరున్న పియానో విద్వాంసురాలు, ఏడేళ్ళ తర్వాత కూతురి ఇంటికి వస్తుంది. కూతురు షోపాన్ ప్రెల్యూడ్ ఒకటి, అంటే ఆ స్వరకర్త రాసిన ఒక చిన్న పియానో ముక్క, వాయిస్తుంది. ఎలా ఉందని అడిగితే తల్లి మొదట తప్పించుకుంటుంది, తర్వాత పక్కన కూర్చుని అదే ముక్క ఎలా వాయించాలో వాయించి చూపిస్తుంది. కెమెరా ఇద్దరి మొహాల దగ్గరే ఉంటుంది, కూతురు మీటల్ని కాదు తల్లి మొహాన్ని చూస్తుంటుంది. ఆ తర్వాత రాత్రంతా పోట్లాడుకుంటారు, చాలా మాటలుంటాయి, కానీ అంతకుముందే ఆ పియానో దగ్గర మనకు అంతా తెలిసిపోయి ఉంటుంది.

మనింట్లో పియానో లేదు, పెనం ఉంది. నీ పద్నాలుగో సీనులో తల్లీకూతుళ్ళు వంటింట్లో ఉత్తగా నిలబడి అరుచుకుంటున్నారు. వాళ్ళ చేతుల్లో జొన్నపిండి పెట్టు. అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్ల, రొట్టె అమ్మమ్మలాగే తడుతుంది. నీళ్ళు సరిగ్గా మరగలేదు, అంచులు పగులుతున్నాయి. తల్లి చూస్తుంది, చూస్తుంది, ఆగలేక ఆ ముద్ద లాక్కుని మళ్ళీ వేడినీళ్ళు పోసి పిసికి గుండ్రంగా తట్టి పెనం మీద వేసి తడిచేత్తో పైన నీళ్ళు అద్దుతుంది. రొట్టె పొంగుతుంది. ఆ రొట్టె కూతురు తింటుందా, పగిలిన తన రొట్టె తింటుందా? అది నువ్వు తేల్చుకో. ఒక్క డైలాగు కూడా అక్కర్లేదు.

ఇదంతా చదివి అమ్మను దేవతను చేస్తావేమోనని కూడా నాకు భయంగా ఉంది. చెయ్యకు. మా అమ్మ చేతులు లేవలేదు నిజమే, కానీ నేను దువ్వెన పట్టుకుని పక్కింటి గడప దగ్గర నిలబడ్డదీ నిజమే. జ్వరం వచ్చిన రాత్రి నీ కథలో పిల్ల పక్కన అమ్మ లేదు, ఆమె ఎందుకు లేదో తెలిసినా ఆ జ్వరం తగ్గదు. రెండూ అలాగే ఉండనీ.

భాష గురించి ఒక్క మాట. అమ్మ చేత సినిమా తెలంగాణ మాట్లాడించావు, అక్కడక్కడ నవ్వు కోసం పెట్టినట్టుంది. మీది నారాయణపేట వైపు, కన్నడం కలుస్తుంది, పదేళ్ళు ముంబైలో ఉన్న మనిషి నోట్లో సైటు హిందీ ఉంటుంది. ఆమె మాట ఆమెకు ఇవ్వు.

ప్రొడ్యూసర్లు చివర కౌగిలింత అడుగుతారు, వాన కూడా అడుగుతారు. అప్పటి సంగతి అప్పుడు చూద్దాం, నేనూ వస్తాను మాట్లాడటానికి. స్క్రిప్టు మొత్తం ఇప్పుడే తిరగరాయకు, టెన్షన్ పడకు. ముందు ఇంటికి పోయి నాలుగు రోజులుండు. ఆ గౌను ఇంకా ఏ ట్రంకు పెట్టెలోనన్నా ఉందేమో అడిగి చూడు. తర్వాత పద్నాలుగో సీను ఒక్కటి రాసి పంపు, ఎదురుచూస్తుంటాను.