మంచుకొండ గుద్దితే నెగ్లిజెన్స్ ఎలా అవుద్ది?

ప్రశ్న: టైటానిక్ మునిగాక కంపెనీ మీద ఎవరైనా కేసు వేశారా అండీ? మంచుకొండ తగలడం దైవాధీనం కదా అంటాను నేను, లా చదివే మా అబ్బాయి కాదు నెగ్లిజెన్స్ అంటాడు. ఎవరు కరెక్టు? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ వాడే కరెక్టండీ, కానీ పూర్తిగా కాదు. మంచుకొండ అక్కడుండటం ఎవరి తప్పూ కాదు. ముందు మంచుందని వేరే ఓడల నుంచి వైర్‌లెస్ మెసేజీలు వస్తూనే ఉన్నాయి, 1912 ఏప్రిల్ 14 రాత్రి వెన్నెల కూడా లేదు, అయినా 22 నాట్ల స్పీడు, అంటే గంటకి 40 కిలోమీటర్లు, తగ్గించకుండా పోనిచ్చారు చూడండి, గొడవంతా దాని మీదే.

తమాషా ఏంటంటే బ్రిటన్‌లో ఈ ప్రమాదం మీద ఎంక్వైరీ చేసిన జడ్జి లార్డ్ మెర్సీ కెప్టెన్ స్మిత్‌ది నెగ్లిజెన్స్ అనలేదు. ఆకాశం క్లియర్‌గా ఉంటే పెద్ద ఓడలన్నీ ఏళ్ల తరబడి అదే స్పీడుతో పోతున్నాయి, ఈయనా అదే చేశాడు, ఇకపై ఎవరన్నా చేస్తే మాత్రం అది నెగ్లిజెన్సే అన్నాడు! నాకైతే మింగుడుపడదు. అందరూ రాంగ్‌రూట్లో వస్తున్నారు కాబట్టి నేనూ వచ్చా అంటే మన ట్రాఫిక్ ఎస్సైయే ఊరుకోడు.

1913లో థామస్ ర్యాన్ అనే ఐరిష్ రైతు లండన్‌లో కేసు వేశాడు, థర్డ్ క్లాసులో వెళ్లిన కొడుకు చనిపోయాడు. ఓడ ముందు ఏముందో చూస్తుండే కాపలా వాళ్ల తప్పేం లేదు గానీ స్పీడు విషయంలో నెగ్లిజెన్స్ ఉందని జ్యూరీ తేల్చింది. మా స్టాఫ్ నిర్లక్ష్యానికి మాకు బాధ్యత లేదని టికెట్ మీద రాసుందిగా అన్న కంపెనీ వాదన చెల్లలేదు, 1914లో అప్పీలూ పోయింది. వచ్చింది మాత్రం 100 పౌండ్లు.

అమెరికాలో ఇంకా దారుణం. అక్కడి 1851 చట్టం ప్రకారం యజమానికి తెలిసి జరిగిన తప్పు కాకపోతే ప్రయాణం అయ్యాక ఓడలో మిగిలినదాని విలువ, ఆ ట్రిప్పు కిరాయి, అంతవరకే కట్టాలి. ఇక్కడ మిగిలిందేంటి, లైఫ్‌బోట్లు! అన్నీ కలిపి 92 వేల డాలర్లు, అడిగిందేమో కోటీ అరవై లక్షలు. అందుకే ఓడలోనే ఉన్న కంపెనీ పెద్ద ఇస్మేకి స్పీడు సంగతి తెలుసా లేదా అని లాయర్లు అంత పట్టుబట్టారు, ఆయనకి తెలుసని రుజువైతే ఆ లిమిట్ ఎగిరిపోద్ది. అది తేలకముందే 1916లో ఆరున్నర లక్షల డాలర్ల పైచిలుకుకి రాజీ చేసుకున్నారు.