లైబ్రరీ పీరియడ్‌లో ఏం కట్టించాలి? కిట్లు కొనకుండానే బోలెడు ఉన్నాయి

కర్నూలు వైపు హైస్కూల్లో లైబ్రరీ మీకు అప్పగించారనీ, పిల్లలతో ఏవైనా కట్టించాలని ఉన్నా డబ్బుల్లేవనీ, పుస్తకాలు పాడవుతాయేమోనని టెన్షన్‌గా ఉందనీ రాశారు. రాజమండ్రి దగ్గర ప్రభుత్వ బడిలో నేను చాలాకాలంగా ఈ పనే చేయిస్తున్నాను మేడమ్.

డబ్బులొచ్చినా ప్లాస్టిక్ కిట్లు మాత్రం కొనకండి. నాలుగు ముక్కలు పోయాయంటే సెట్టంతా బీరువాలోకి వెళ్తుంది, తాళంచెవి హెడ్మాస్టారి దగ్గరికి వెళ్తుంది. ఇక అంతే.

పాత న్యూస్‌పేపర్లతో మొదలుపెట్టండి. కాగితాన్ని ఒక మూల నుంచి ఈనెపుల్ల మీద బిగుతుగా చుట్టి, చివర చిన్న టేపు ముక్క అంటిస్తే గట్టి గొట్టం వస్తుంది. రెండు బల్లల్ని అడుగున్నర దూరంలో పెట్టి, ఆ గొట్టాలతో వంతెన కట్టమనండి. బరువులకి వెతుక్కోనక్కర్లేదు, లైబ్రరీయే కదా! సిలబస్ మారి మూలపడ్డ పాఠ్యపుస్తకాలు ఒక్కొక్కటీ పేర్చుకుంటూ పోవడమే. అందరూ ముందు చతురస్రాలే కడతారు, అవి పక్కకి వాలిపోతాయి. అప్పుడు మనం నోరు మూసుకుని కూర్చోవాలి, ఇదే కష్టం. ఎవరో ఒకరు మూల నుంచి మూలకి అడ్డంగా ఇంకో గొట్టం కడతారు. వాలడం ఆగిపోతుంది. మా పిల్లలు గోదావరి మీద 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన మీదుగా ఎన్నిసార్లు వెళ్లారో. అందులోని త్రికోణాలు మాత్రం ఈ పని చేశాకే వాళ్ల కంటపడ్డాయి. పక్కనే 1997లో వచ్చిన ఆర్చ్ వంతెనలో అవెందుకు లేవని అడిగారు కూడా. ఆ ప్రశ్నతోనే పుస్తకాల అర దగ్గరికి పంపాను.

చిన్న తరగతులకి అగ్గిపుల్లలు, వాటిని కలపడానికి సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు బాగుంటాయి. ఇది పారేసే వస్తువులతో సైన్స్ బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా గారు 1978లో మధ్యప్రదేశ్‌లోని బడుల్లో నడిచిన హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమంలో పనిచేసిన రోజుల్లో పుట్టిన ఆలోచన. పుల్లల తలల మందు ముందే మీరు గీకేయండి. వాల్వ్ ట్యూబు దొరక్కపోతే రాత్రి నానబెట్టిన బఠాణీలు వాడండి. మర్నాటికి ఎండి పుల్లని గట్టిగా పట్టుకుంటాయి. ఎలుకలుంటే మాత్రం ఆ బొమ్మల్ని రాత్రిపూట లైబ్రరీలో ఉంచకండి!

మీ వైపు జొన్న చొప్ప ఉంటుంది కాబట్టి మీరు నాకంటే అదృష్టవంతులు. దాని పై పెచ్చు ఒలిస్తే వచ్చే బెండుతో, ఆ పెచ్చునే చీల్చిన పుల్లలు గుచ్చి ఎడ్లబండి చేయడం ఊళ్లో పెద్దవాళ్లకి తెలిసే ఉంటుంది. ఒక తాతగారిని పిలిపించండి. పెచ్చు అంచుకి వేళ్లు తెగుతాయి, ఒలిచే పని పెద్దపిల్లలకివ్వండి.

ఇవన్నీ సైన్స్ గదిలోనూ చేయించవచ్చు. లైబ్రరీలో చేయిస్తున్నందుకు నేను తప్పనిసరిగా పెట్టేది ఒకటుంది. కట్టిన జట్టు ఎలా కట్టిందో చీటీ మీద రాయాలి, బొమ్మ గీయకూడదు. మరుసటి వారం ఆ చీటీ చూసి వేరే జట్టు కడుతుంది, రాసినవాళ్లు పక్కన నిలబడాలి కానీ మాట్లాడకూడదు. 'తర్వాత పుల్ల పెట్టాలి' అని రాసినవాడికి 'ఏ పుల్లరా?' అని అడిగించుకుంటేగానీ రాయడమంటే ఏమిటో తెలియదు. తిరగరాసిన చీటీల్ని దారంతో కుట్టి అరలో పెట్టాం. మా లైబ్రరీలో ఎక్కువ నలిగిన పుస్తకం అదే.

పుస్తకాల సంగతికొస్తే, జిగురు, నీళ్లు, రంగులు లోపలికి రానివ్వకండి. టేపు, దారం, రబ్బరు బ్యాండ్లు చాలు. గోల ఎలాగూ ఉంటుంది. పక్క క్లాసు వాళ్లకి ఆటల పీరియడ్ ఉన్నప్పుడు మీది పడేలా టైంటేబుల్ వేసే మాస్టారితో ఇప్పుడే మాట్లాడుకోండి.