కీరదోస పూస్తోంది కానీ కాయడం లేదు

ప్రశ్న: మేడ మీద పెద్ద కుండీలో కీరదోస వేశాను. తీగ ఏపుగా పెరిగింది, పూలు విరగబూశాయి. మొదట వచ్చినవన్నీ రాలిపోయాయి. ఇప్పుడేమో పిందెలు వేలెడంత కాకముందే పసుపు తిరిగి వాడిపోతున్నాయి. నిలిచిన ఒకటి రెండు కాయలు వంకర, పైగా చేదు. వారం వారం ఎరువు వేస్తూనే ఉన్నాను. ఇంకేం వేయమంటారు?

జవాబు: ఏమీ వేయకండి. వేస్తున్నది కూడా కొన్నాళ్లు ఆపండి. నత్రజని ఎక్కువైన తీగ ఆకులు పెంచుకుంటూ కూర్చుంటుంది, కాపు మీద ధ్యాస పెట్టదు.

మొదటి పూలు రాలినందుకు బెంగ అక్కరలేదు. అవి మగపూలు. ఆడపూలు సాధారణంగా వారం పది రోజులు ఆలస్యంగా వస్తాయి. రేపు పొద్దున ఒక పువ్వును పక్కకు తిప్పి చూడండి. సన్నని కాడ మీద ఉత్త పువ్వే ఉంటే మగది. పువ్వు వెనకే నూగుతో, బొడిపెలతో గోరంత కాయ కనిపిస్తే ఆడది. ఆ గోరంత కాయను చూసే చాలామంది కాపు పట్టిందని సంబరపడతారు. పుప్పొడి అందితేనే అది కాయవుతుంది. అందకపోతే పసుపు తిరిగి రాలుతుంది. అరకొరగా అందితే వంకర పోతుంది, లేదా ఒక కొస సన్నబడుతుంది. మీ ఉత్తరంలో ఈ రెండు లక్షణాలూ ఉన్నాయి.

మేడ మీదికి తేనెటీగలు రాకపోతే వాటి పని మీరే చేయాలి. ఆడపువ్వుకు ఉండే గడువు ఒక్క రోజే కనుక ఉదయమే మొదలుపెట్టండి. అప్పుడే విచ్చిన మగపువ్వును కోసి, రేకులు ఒలిచేసి, మధ్యనున్న కేసరాలను ఆడపువ్వు నడిబొడ్డున మెల్లగా అద్దండి. అన్ని వైపులా తగలాలి. ఒక్క ఆడపువ్వుకు రెండు మూడు మగపూలు వాడినా తప్పులేదు, వాటికి కొరత ఉండదు. పరాగ సంపర్కం అవసరం లేని రకాలూ ఉన్నాయి. మీది అలాంటిదైతే విత్తనాల పొట్లం మీద రాసి ఉంటుంది, పారేయకుండా ఉంటే చూడండి.

చేదుకు తరచుగా కనిపించే కారణం నీటి ఎద్దడి. ఒకరోజు మట్టి బీటలు వారేలా ఎండబెట్టి, మర్నాడు ముంచెత్తితే తీగ తట్టుకోలేదు. అప్పుడు కాయలో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం పెరుగుతుంది. తీగ మొదలు దగ్గర తడి నిలకడగా ఉండేలా మట్టి మీద ఎండాకులు పరవండి. చేదు ఎక్కువగా తొడిమ వైపు, తొక్క కింద చేరుతుంది. ఆ భాగం తీసేసినా కాయ చేదుగానే ఉంటే తినకండి, కడుపు పాడవుతుంది.

కాయలు నిలవడం మొదలయ్యాక కోతలో బద్ధకం పనికిరాదు. రకాన్ని బట్టి పువ్వు విచ్చిన ఎనిమిది నుంచి పన్నెండు రోజులకు కాయ కోతకొస్తుంది. ఒక్క కాయను ముదరనిచ్చినా తీగ బలమంతా దాని గింజలకే పోతుంది, కొత్త పిందెలు నిలవవు. రోజు విడిచి రోజైనా ఆకులెత్తి వెతకండి, కాయది కూడా ఆకు రంగే కదా. కత్తెరతో కాస్త తొడిమ ఉంచి కోయండి. చేత్తో లాగితే లేత తీగ గణుపు దగ్గర చిట్లి, ఆ పైనున్న పిందెలన్నీ వాడిపోతాయి.